రోజూ వంటకు ఒక్క జపాన్ కత్తి: కర్నూలు ఇంటికి ఏది పనికొస్తుంది?

బురుజు పక్కిల్లు · కర్నూలు

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇంట్లో ఐదుగురం. రోజుకు ముప్పావు కిలో దాకా ఎర్రగడ్డలు, టమాటాలు, వాటికి తోడు మటికాయలో వంకాయలో, ఏదో ఒక ఆకుకూర. ఆదివారం కిలో చికెన్, నెలకోసారి మటన్. ఇప్పుడున్నవి ఒక కత్తిపీట, ప్లాస్టిక్ పిడి రంపపు పళ్ల చాకులు నాలుగు. ఆ చాకులు టమాటా తొక్క మీద జారుతాయి, ఎర్రగడ్డను కోయవు, నలుపుతాయి.

పదేళ్లు నిలిచే జపాన్ కత్తి ఒకటి తీసుకోవాలని ఉంది. సానరాయి, కోసే పలక కలిపి పది వేలు దాటకూడదు. సాంతోకు, గ్యూతో, నకిరి అని మూడు రకాలు కనిపిస్తున్నాయి. మన వంటకు ఏది? ఉక్కు పేరు వి.జి.-10 అని రాసి ఉంటే చాలా? 67 పొరల డమాస్కస్ అని రెండు వేలకే పెడుతున్నారు, నమ్మొచ్చా? వాడేది ముగ్గురు, ఒకరిది ఎడమచేతి వాటం. మాది బోరు నీళ్లు, అది కూడా చెప్తున్నా.

సానరాయి · కడప

మొట్టమొదట, ఆ కత్తిపీటను అటక ఎక్కించొద్దు. ఎందుకో కింద అర్థమవుతుంది.

జపాన్ కత్తి "గట్టిది" అంటే మొరటు పనికి తట్టుకుంటుందని అనుకుంటారు. గాజు కూడా గట్టిదే, కింద పడేస్తే ఏమవుతుంది? కత్తి ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ సి స్కేలు మీద చెప్తారు. జర్మనీ తరహా వంట కత్తులు 56–58 దగ్గర ఉంటాయి, జపాన్‌వి ఎక్కువగా 59–62. వాదర కోణంలోనూ తేడా ఉంది. జర్మన్ తరహాలో ఒక్కో పక్క 20 డిగ్రీల దాకా, జపాన్ తరహాలో 15 లేదా ఇంకాస్త తక్కువ. పలచన, గట్టిదనం రెండూ కలిస్తేనే టమాటా తొక్క బరువు పెట్టకుండా తెగుతుంది, ఆ పదును నెలల తరబడి నిలుస్తుంది. కాకపోతే మెత్తటి ఉక్కుకు దెబ్బ తగిలితే అంచు పక్కకు ఒరుగుతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టొచ్చు. గట్టి ఉక్కు ఒరగదు, పెచ్చు ఊడుతుంది. ఒక మిల్లీమీటరు పెచ్చు పోతే, ఆ లోతు దాకా వాదర మొత్తాన్ని అరగదీస్తే తప్ప సమం కాదు. అంటే ఒక్క తప్పుకు ఏడాది ఆయుష్షు పోయినట్టే.

మన ఇళ్లల్లో పెచ్చు లేపే పనులు ఏవో ముందే తెలిసి ఉంటే మంచిది. కోడి కాళ్ల ఎముకలు, మటన్ ఎముక, ఆవకాయకు టెంకతో సహా మామిడికాయ, కొబ్బరి చిప్ప, ఎండు కొబ్బరి, బెల్లం అచ్చు, ఫ్రీజర్లోంచి తీసిన మాంసం, మొక్కజొన్న కంకిని అడ్డంగా నరకడం. వీటిలో ఒక్కటి కూడా ఈ కత్తితో వద్దు. వాటికి కత్తిపీట, మచ్చుకత్తి ఉన్నాయి. చికెన్, మటన్ అంగడిలోనే కొట్టించుకోండి, ఇంట్లో కండ కోసుకోవడానికి, కొవ్వు తీయడానికి ఈ కత్తి. గుమ్మడికాయ కొంచెం ఆలోచించాల్సిన కాయ: కత్తి సగం దిగి ఇరుక్కున్నాక అటూ ఇటూ మెలిపెడతాం చూడండి, పెచ్చు లేచేది అప్పుడే. ఇరుక్కుంటే వచ్చిన దారినే వెనక్కి లాగాలి. మునక్కాయ నేరుగా నొక్కి కోస్తే ఏమీ కాదు.

ఇంకో చెడ్డ అలవాటు, కోసిన ముక్కల్ని వాదరతోనే పలక మీద గీకి గిన్నెలోకి తోయడం. కత్తిని తిప్పి వెన్నుతో తోయండి. ఈ ఒక్క మార్పుతో ఒక సానకూ ఇంకో సానకూ మధ్య వ్యవధి కనిపించేంతగా పెరుగుతుంది.

ఇక ఆకారం. మీ ఇంటికి 165–180 మిల్లీమీటర్ల సాంతోకు. "సాంతోకు" అంటే మూడు సుగుణాలని అర్థం: మాంసం, చేప, కూరగాయ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ ఇళ్లల్లో ఒకే కత్తితో అన్నీ సాగాలని వచ్చిన ఆకారం ఇది, మీరు అడిగేదీ అదే. వాదర దాదాపు తిన్నగా ఉంటుంది కాబట్టి కిందికి, కొంచెం ముందుకు తోస్తే మడమ (పిడి దగ్గరి చివర) నుంచి మొన దాకా ఒకేసారి పలకకు ఆనుతుంది. ఎర్రగడ్డ ముక్కలు దండలా అతుక్కుని రావు. వెడల్పు 45 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, వేళ్ల కణుపులు పలకకు తగలవు.

గ్యూతో, అంటే మొన తేలిన పొడవాటి కత్తి, మంచిదే. కోసే భాగం 210 మిల్లీమీటర్లు, పిడితో కలిపి 33 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. మన అంగళ్లలో అమ్మే 20 × 30 సెంటీమీటర్ల కోసే పలక మీద అది బయటికి వేలాడుతుంది. పెద్ద పలక, విశాలమైన గట్టు ఉన్నవాళ్లకు అది. కింద కూర్చుని పలక ముందు పెట్టుకుని కోసేవాళ్లకు అసలే వద్దు, మోచేతికి చోటు చాలదు. నకిరి కూరగాయలకు రాజు, కానీ మొన లేదు. చికెన్ కండలోంచి నరం తీయాలన్నా, టమాటా తొడిమ తవ్వాలన్నా చేతకాదు. కాబట్టి ఒక్కటే కొనేవాళ్లకు కాదు.

మనవాళ్లలో చాలామందికి పలక అలవాటు లేదు. ఎడమచేత్తో కాయ పట్టుకుని, బొటనవేలి వైపు చాకు లాగుతూ నేరుగా గిన్నెలోకి కోస్తారు. సాంతోకుతో ఆ పని చేస్తే వేలు పోతుంది. అలా కోసేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు 120 మిల్లీమీటర్ల పెట్టీ అనే చిన్న కత్తి, లేదా మామూలు చాకే ఉంచండి.

చివరగా మా ఊరి పేరున్న బండ గురించి. కడప బండ గట్టు మీద నేరుగా కోయొద్దు. అది సున్నపురాయి జాతిదే, ఉక్కు కంటే మెత్తనిదే, అయినా వాదర పోతుంది. కొన మందం మైక్రాన్లలో ఉంటుంది, కింద ఏమాత్రం ఒదగని రాయి ఉంటే ఆ కొనే నలగాలి. పైగా రాతిలో ఇసుక రేణువులు కూడా ఉంటాయి. గ్రానైట్, గాజు పలక, ఈ మధ్య కనిపిస్తున్న స్టీలు పలక, స్టీలు ప్లేటు అన్నీ అంతే. రబ్బరు చెక్క లాంటి కాస్త మెత్తటి చెక్క, లేదా 12 మిల్లీమీటర్ల పైన మందం ఉన్న తెల్ల ప్లాస్టిక్ పలక తీసుకోండి. టేకు చూడ్డానికి బాగుంటుంది, అందులో సహజంగానే సిలికా ఉంటుంది, పదును త్వరగా తగ్గిస్తుంది. వెదురు పలకలు కూడా కాస్త గట్టివే. అడుగున తడిగుడ్డ పరిస్తే కదలదు.

పెన్నా ఒడ్డు · అనంతపురం

ఆకారం విషయంలో సానరాయి అన్నతో నాకు పేచీ లేదు. ఉక్కు దగ్గర కొంచెం ఉంది.

వి.జి.-10 ఉక్కు జపాన్‌లో ఫుకుయి అనే ప్రాంతంలోని తకెఫు స్పెషల్ స్టీల్ కంపెనీ వాళ్లది. సుమారు 1 శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, కొంచెం మాలిబ్డినం, కోబాల్ట్. కార్బన్ వల్ల గట్టిదనం, క్రోమియం వల్ల తుప్పు తక్కువ. సరిగ్గా వేడిచేసి చల్లార్చితే 60 దాటుతుంది. అయితే ఉక్కు పేరు సగం మాటే. అదే ఉక్కును ఒకరు సరిగా కాల్చి చల్లారిస్తే ఒకలా, ఇంకొకరు తొందరపడితే ఇంకోలా. పప్పు ఒకటే అయినా అందరి పప్పూ ఒకేలా ఉండదు కదా. వి.జి.-10 అని రాశారు సరే, గట్టిదనం ఎంతో, ఎక్కడ తయారైందో రాశారా అని చూడండి.

మీ ఇంట్లో వాడేది ముగ్గురు. అందులో ఒక్కరు ఫ్రీజర్ చికెన్ మీద వేసినా అయిపోయింది. అందుకే నా ఓటు 58–60 మధ్య ఉండే ఆస్-8, ఆస్-10 లాంటి ఉక్కుకు. రెండూ ఐచి స్టీల్ వాళ్లవి. పదును వి.జి.-10 అంత ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు, కానీ దెబ్బకు కొంచెం ఓర్చుకుంటుంది, రాయి మీద తేలిగ్గా పదును తేలుతుంది. కొత్తగా సాన నేర్చుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. గ్లోబల్ అనే పేరు విని ఉంటారు, పిడి కూడా స్టీలే, లోపల బరువు సమంగా ఉండటానికి ఇసుక నింపుతారు. దాని ఉక్కు 56–58 మాత్రమే, అయినా పేరున్న జపాన్ కత్తి. జపాన్ అంటే 60 దాటాలని ఎక్కడా లేదు. నూనె చేతులతో ఆ పిడి జారుతుందని కొందరి ఫిర్యాదు, పట్టుకుని చూసి తీసుకోండి.

వి.జి.-10లోనే కావాలంటే తోజిరో వాళ్ల డి.పి. రకం 170 మిల్లీమీటర్ల సాంతోకు చూడండి. మధ్యలో వి.జి.-10, రెండు పక్కలా మెత్తటి స్టెయిన్‌లెస్, మూడే పొరలు, మెరుగులేమీ లేవు. డబ్బంతా కోసే ఉక్కుకే పోయింది, బొమ్మలకు కాదు.

ఇప్పుడు 67 పొరల సంగతి. నిజమైన పొరల కత్తిలో కూడా ఆ పొరలు పక్కన తొడుగు మాత్రమే. కోసేది మధ్యలో ఉన్న ఒక్క ఉక్కే. 33 అయినా 67 అయినా ఎర్రగడ్డకు తెలియదు. రెండు వేల రూపాయల కత్తుల్లో చాలావాటి మీద ఉండేది పొర కాదు, లేజర్‌తో గీసిన బొమ్మ. పట్టుకోవడం తేలిక. నిజమైన పొరల గీతలు వాదర దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, అక్కడి నుంచి మధ్య ఉక్కు ఒకే రంగులో కనిపిస్తుంది, ఆ సరిహద్దు గీత వంకరటింకరగా, రెండు పక్కలా వేరువేరుగా ఉంటుంది. గీసిన బొమ్మ అయితే వాదర కొన దాకా అదే డిజైన్, రెండు వైపులా అచ్చు ఒకేలా. "హై కార్బన్ స్టెయిన్‌లెస్" అని మాత్రమే రాసి ఉక్కు పేరు రాయకపోతే అది ఏదైనా కావచ్చు.

చైనా కత్తి అంటే చెత్త అని కాదు. 10సి.ఆర్.15 అని మొదలయ్యే పేరు కనిపిస్తే అది వి.జి.-10కు దగ్గరి కూర్పే. జపాన్ కత్తి అని చెప్పి, జపాన్ ధర తీసుకుని అది ఇవ్వడమే తప్పు. పెట్టె మీద తయారైన దేశం, దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, ఎం.ఆర్.పి. ఉండాలి, లేకపోతే వదిలేయండి. పేరున్న కంపెనీ విషయంలోనూ ఇది చదవాలి. ఉదాహరణకు కై కంపెనీ పుట్టిల్లు జపాన్‌లోని సెకి, కానీ రాజస్థాన్ నీమ్రానాలో కూడా వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. పేరు జపాన్‌దైనంత మాత్రాన ప్రతి కత్తీ అక్కడి నుంచి రాలేదు.

పాత ఇనుము · ప్రొద్దుటూరు

స్టెయిన్‌లెస్ గురించే చెప్తున్నారు. కార్బన్ ఉక్కును ఎందుకు వదిలేశారు? షిరోగామి, అవొగామి అంటే తెల్ల కాగితం, నీలి కాగితం. యాసుగి ఉక్కు కట్టలకు అతికించే కాగితం రంగును బట్టి ఆ పేర్లు. అంత పదును, అంత తేలిగ్గా స్టెయిన్‌లెస్‌కు రాదు. రాయి మీద నాలుగు సార్లు లాగితే చాలు.

పెన్నా ఒడ్డు · అనంతపురం

పదును గురించి మీరన్నది నిజమే అన్నా. మన వంటింట్లో చిక్కు వేరే. చింతపండు, నిమ్మకాయ, పచ్చి మామిడి, టమాటా. పులుపు తగిలిన నిమిషాల్లో కార్బన్ ఉక్కు నల్లబడుతుంది, కోసిన ఎర్రగడ్డ అంచులు కూడా రంగు మారతాయి, ఇనుప వాసన వస్తుంది. కొన్ని వారాలకు నీలిబూడిద రంగు పొర స్థిరపడితే ఆ బాధ తగ్గుతుంది, అది తుప్పు కాదు, కాపాడేదే. కానీ ఒక కాయ కోసి వెంటనే తుడవడం, మళ్లీ కోసి మళ్లీ తుడవడం ఒక్కరే వాడే ఇంట్లో సాగుతుంది. పొయ్యి మీద తాలింపు మాడుతుంటే కత్తి ఎవరు తుడుస్తారు? బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉంటే ఒక్క రాత్రిలో ఎర్ర చుక్కలు. ముగ్గురు వాడే ఇంటికి మొదటి కత్తిగా వద్దనే నా మాట. రెండో కత్తిగా మీరు చెప్పిందే.

పాత ఇనుము · ప్రొద్దుటూరు

ముగ్గురు వాడతారన్నది చదవలేదు. అయితే స్టెయిన్‌లెసే. ఒకవేళ ఎప్పుడైనా కార్బన్‌ది కొంటే చెనక్కాయ నూనె పూయొద్దు, జిగట పట్టి కంపు కొడుతుంది. కొబ్బరి నూనె పలచగా రాస్తే నయం.

బురుజు పక్కిల్లు · కర్నూలు

శానా వివరంగా చెప్పారు, అందరికీ థాంక్స్. 170 సాంతోకు అని తేలిపోయింది, ఉక్కు ఇంకా ఊగుతోంది. ఇంకో మూడు సందేహాలు. వీధిలో సైకిల్ మీద సాన పట్టే ఆయన వస్తాడు, ఆయనకు ఇవ్వొచ్చా? లేక బల్లకు పెట్టి లాగే చిన్న పరికరం చాలా? రాయి అయితే ఏ నంబరు, ఎలా పట్టాలి? రెండోది, తెలిసినవాళ్లు వచ్చే నెల టోక్యో నుంచి వస్తున్నారు, తెమ్మంటే లాభమా? మూడోది ఎడమచేతి సంగతి ఎవరూ చెప్పలేదు.

సానరాయి · కడప

సైకిల్ సాన ఆయనకు మీ కత్తిపీట ఇవ్వండి, మచ్చుకత్తి ఇవ్వండి. వాటికి ఆయనే సరైన మనిషి. ఈ కత్తి మాత్రం వద్దు. నీళ్లు లేకుండా వేగంగా తిరిగే చక్రం మీద పలచటి వాదర క్షణాల్లో కాలుతుంది. కత్తిని గట్టిపరిచాక చివర్లో సుమారు 200 డిగ్రీల లోపే మళ్లీ వేడిచేసి ఆ గట్టిదనాన్ని స్థిరపరుస్తారు. చక్రం మీద వేడి అంతకు మించితే ఆ చోట ఉక్కు మెత్తబడుతుంది. అంచున నీలి రంగు కనిపించిందంటే వేడి అంతకు బాగా మించినట్టే. ఆ రోజు పదునుగానే ఉంటుంది, వారానికి మొద్దుబారుతుంది. ఒక్కసారికి ఆయన తీసే ఉక్కు మీరు రాయి మీద రెండేళ్లలో తీసేంత.

లాగే పరికరంలో రెండు గట్టి ముక్కలు గాటులాగా పెట్టి ఉంటాయి. అవి నూరవు, గీకుతాయి. కోణం వాటిదే, మన కత్తిది కాదు. గీతల గీతల స్టీలు కడ్డీ కూడా మెత్తటి ఉక్కుకే, 60 దాటిన అంచును అది చిన్నచిన్న పెచ్చులుగా లేపుతుంది. నున్నటి సిరామిక్ కడ్డీ అయితే వారానికోసారి రెండు పక్కలా మూడేసి సార్లు, కత్తి బరువుకు మించి నొక్కకుండా లాగొచ్చు.

రాయి 1000 నంబరు తప్పనిసరి, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది. దాని తర్వాత 3000 లేదా 4000 ఉంటే చాలు. 6000 దాకా వెళ్తే అద్దంలా మెరుస్తుంది కానీ టమాటా తొక్కను పట్టుకునే సన్నటి గరుకు పోతుంది, జారుతుంది. కింగ్ 1000 లాంటి బంకమట్టి రాయిని నీళ్లలో 10–15 నిమిషాలు, బుడగలు ఆగేదాకా నానబెట్టాలి. షాప్టన్ లాంటివాటిని నానబెట్టకూడదు, పైన నీళ్లు చల్లితే చాలు. హార్డ్‌వేర్ అంగడిలో దొరికే రెండు ముఖాల నల్ల రాయి చాలా గరుకు, పెచ్చు తీయడానికి తప్ప చివరి పదునుకు పనికిరాదు.

పట్టే విధానం. రాయి కింద తడిగుడ్డ. 45 మిల్లీమీటర్ల వెడల్పు కత్తికి 15 డిగ్రీలు రావాలంటే వెన్ను రాయికి సుమారు 11–12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. స్కేలుతో ఒకసారి కొలిచి చూసుకుంటే చేతికి గుర్తుండిపోతుంది. వాదర వెంట మార్కర్ పెన్నుతో రంగు పూసి నాలుగు సార్లు లాగి చూడండి. రంగు వాదర కొన దాకా పోతే కోణం సరి. పైన మాత్రమే పోయి కొనలో మిగిలితే వెన్ను ఇంకా లేపాలి. కొనలో మాత్రమే పోతే దించాలి. ఎడమచేతి రెండు వేళ్లు వాదరకు దగ్గరగా పెట్టి, వేళ్ల కింద ఉన్న భాగాన్నే నూరుతున్నామని అనుకోవాలి. మడమ, నడుమ, మొన అని మూడు భాగాలు. ఒక్కో భాగానికి 20–30 సార్లు. మొన దగ్గర వాదర వంపు తిరుగుతుంది కాబట్టి పిడిని కొంచెం పైకెత్తాలి, లేకపోతే మొన మొద్దుగానే మిగులుతుంది. కొత్తవాళ్ల కత్తులన్నీ అక్కడే మొద్దు.

నొక్కుడు ఎంతో తెలియాలంటే వంటింటి తూకం మీద రాయి పెట్టి చూడండి. మొదట కిలో దాకా, చివర్లో 200–300 గ్రాములు. రాయి మీద తేలే బూడిదరంగు బురదను కడిగేయొద్దు, నూరే పనిలో అదీ ఒక భాగమే.

ఎప్పుడు ఆపాలి? ఒక పక్క నూరుతుంటే రెండో పక్క అంచున సన్నటి ముల్లు లాంటి ఉక్కు పొర లేస్తుంది. వెన్ను నుంచి అంచు వైపు బొటనవేలు బయటికి జార్చితే గరుకుగా తగులుతుంది. అంచు వెంట మాత్రం వేలు జరపొద్దు. ఆ ముల్లు మడమ నుంచి మొన దాకా తెగకుండా తగిలితేనే ఆ పక్క అయిపోయినట్టు, అప్పుడే కత్తి తిప్పాలి. చాలామంది ముల్లు రాకముందే తిప్పుతారు, గంట నూరినా పదును రాలేదని రాయిని తిడతారు.

రెండో పక్కా అయ్యాక ముల్లును తీయాలి, ఇదే వి.జి.-10లో విసిగించే పని. ఈ ఉక్కు ముల్లు మొండిది, తెగిపోకుండా అటు ఇటు ఒరుగుతూ ఉంటుంది. పక్కకు ఐదు, మూడు, ఒకటి అని తగ్గిస్తూ, అంచు ముందుకు వెళ్లేలా, చెయ్యి బరువు కూడా పెట్టకుండా తోయండి. తర్వాత 3000 రాయి మీద భాగానికి పదేసి. ఆఖరున రాయి మీద మడత పెట్టిన దినపత్రిక పరిచి వెన్ను ముందు, అంచు వెనక వచ్చేలా ఆరేడు సార్లు లాగండి. అదే పత్రికలోంచి ఒక కాగితం నిలువుగా పట్టుకుని కోసి చూడండి. ఒకే చోట పట్టుకుంటుంటే అక్కడ ముల్లు మిగిలింది. దీపం కింద అంచును మీ వైపు తిప్పి చూసినా తెలుస్తుంది, మొద్దుగా ఉన్న చోట తెల్లటి మెరుపు కనిపిస్తుంది. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు.

మీ వాడకానికి రెండు మూడు నెలలకోసారి ఇలా పూర్తిగా, మధ్యలో మూడు వారాలకోసారి 3000 మీద పక్కకు ఎనిమిది సార్లు సరిపోతుంది. రాయి నడుమ గుంట పడుతుంది, ముఖ్యంగా కింగ్‌కు. గుంట రాయి మీద కోణం నిలవదు. గాజు ముక్క మీద 220 నంబరు నీటి ఎమరీ కాగితం పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గీతలన్నీ పోయేదాకా రుద్దండి. మూడు నాలుగు సార్లు సాన పట్టాక ఒకసారి.

ఖర్చు పంచుకోవడం: పది వేలలో ఏడు వేలకు మించి కత్తికి పెట్టకండి. రాయి లేని పది వేల కత్తి ఆరు నెలలకు మీ ప్లాస్టిక్ పిడి చాకుతో సమానం. 3000 రాయి తర్వాత కొన్నా ఏం కాదు, 1000 మాత్రం కత్తితో పాటే రావాలి.

బోరు నీళ్ల గురించి: స్టెయిన్‌లెస్ అంటే మచ్చ పడదని కాదు, తక్కువ పడుతుందని. ఉప్పు, పులుపు అంటిన కత్తిని రాత్రంతా సింక్‌లో వదిలితే వి.జి.-10 అంచున కూడా సూది పొడుపుల్లాంటి గుంటలు పడతాయి. కోయడం అవగానే మెత్తటి పీచుతో కడిగి, పొడిగుడ్డతో వెన్ను వైపు నుంచి తుడిచి పెట్టేయండి. ఆరబెట్టేద్దాం అని వదిలితే తెల్ల ఉప్పు చారలు మిగులుతాయి. ఆ చారలకు వెనిగర్ తడి గుడ్డ, వెంటనే నీళ్లు, వెంటనే పొడిగుడ్డ. గిన్నెలు తోమే అమ్మాయికి ఈ కత్తి ఇవ్వొద్దు, స్టీలు పీచు గీతలు ఒక ఎత్తు, గిన్నెల మధ్య పడి అంచు కొట్టుకోవడం ఇంకో ఎత్తు. గరిటెల డబ్బాలో నిలబెట్టడమూ అంతే. అట్టపెట్టె ముక్క మడిచి టేపు వేసి ఒర చేసుకోండి, పైసా ఖర్చు లేదు. కత్తి పూర్తిగా ఆరాకే అందులో పెట్టాలి.

రైలు కట్ట · గుంతకల్లు

టోక్యో విషయం నేను చెప్తా. కప్పాబాషి అని అక్కడ వంటింటి సామాన్ల వీధి ఉంది, కత్తుల అంగళ్లు వరసగా ఉంటాయి. వీలైతే తెప్పించుకోండి, చేతిలో పట్టి చూసి కొనే అవకాశం ఇక్కడ మనకు లేదు. తెచ్చేవాళ్లకు రెండు మాటలు ముందే చెప్పండి. ఒకటి, కత్తి చెక్‌-ఇన్ సామానులోనే రావాలి, చేతి సంచిలో ఉంటే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. రెండు, కత్తి మీద పేరు చెక్కిస్తామంటారు, ఒప్పుకునే ముందు కత్తిని పరీక్షించాలి, చెక్కాక మార్చుకోవడం కష్టం.

పరీక్ష రెండు నిమిషాలే. పిడి దగ్గర కన్ను పెట్టి వెన్ను వెంట మొన దాకా చూడాలి, వంకర ఉంటే తెలిసిపోతుంది. తర్వాత అంచును సమతలం మీద ఆనించి వెనక వెలుతురు చూడాలి. సాంతోకుకు మొన వైపు వంపు దగ్గర సందు సహజం, నడుమ సందు కనిపిస్తే వద్దు. అక్కడ ఎర్రగడ్డ తెగకుండా దండ కడుతుంది. రివెట్ల మీద గోరు జార్చితే తగలకూడదు.

ఒకే పక్క వాదర ఉన్న దేబా, యానగిబా లాంటివి చూసి మోజు పడి తేవొద్దని చెప్పండి. చేపల పని చేసేవాళ్లవి అవి, మన వంకాయను అడ్డంగా ఈడ్చుకుపోతాయి.

పిడి సంగతి ఇంకొకటి. జపాన్ తరహా తేలికపాటి చెక్క పిడి అందంగా ఉంటుంది. మన ఎండాకాలం ఎండకు ఎండి, రోజూ నీళ్లకు నాని, కొన్నేళ్లకు పిడిలోకి దిగే కత్తి తోక దగ్గర సందు వస్తుంది. ఆ సందులోకి నీళ్లు దిగి లోపల తుప్పు. రెసిన్ పట్టించిన పక్కావుడ్, మూడు రివెట్ల పిడి అయితే ఆ బాధ తక్కువ.

పెన్నా ఒడ్డు · అనంతపురం

ఎడమచేతి సంగతి మిగిలింది. రెండు పక్కలా సమానంగా పదును ఉన్న సాంతోకు ఏ చేతికైనా ఒకటే, అదనపు ధర అక్కర్లేదు. చూసుకోవాల్సినవి రెండే. కొన్ని కత్తులకు పదును 70:30గా కుడిచేతి వైపు మొగ్గి ఉంటుంది, ఎడమచేత్తో కోస్తే ముక్క వంకరగా దిగుతుంది. అమ్మేవాళ్లను "50:50 నేనా" అని అడగండి. ఇంకోటి పిడి. ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో ఒక పక్క గట్టులా ఉబ్బిన పిడి కుడిచేతి వేళ్లకు చెక్కింది, ఎడమచేతికి ఆ గట్టు అరచేతిలో గుచ్చుకుంటుంది. ఎనిమిది పలకల పిడి, లేదా రైలు కట్ట అన్న చెప్పిన రివెట్ల పిడి తీసుకుంటే ముగ్గురికీ సరిపోతుంది.

సాన పట్టేటప్పుడు కూడా రెండు పక్కలా లెక్కపెట్టి సమానంగా లాగండి. చేతివాటం వల్ల మనకు తెలియకుండానే ఒక పక్క ఎక్కువ నూరుతాం, ఏడాదికి 50:50 కాస్తా 60:40 అవుతుంది, అప్పుడు ఇంట్లో ఒక్కరే "కత్తి పక్కకు పోతోంది" అంటారు. ఆ అన్నవాళ్లది ఏ చెయ్యో చూసి, ఎటువైపు ఎక్కువ అరిగిందో మార్కర్ రంగుతో చూసుకుని, రెండో వైపు పది పదిహేను సార్లు అదనంగా పట్టండి.